మరక అని రాసిన గెలాక్సీ

1972 జూన్‌లో నన్ను మా ఖగోళ శాస్త్ర విభాగంలోని ప్లేట్ సెక్షన్‌కు సీనియర్ అసిస్టెంట్‌గా వేశారు. అంతకు ముందు ఏడేళ్లు అదే సెక్షన్‌లో జూనియర్‌ని కాబట్టి హోదా మారింది గానీ కూర్చునే కుర్చీ మారలేదు. సెక్షన్ అంటే నలుగురు మనుషులు, రెండు లైట్ బల్లలు, ఒక కొలత యంత్రం, గోడల పొడుగునా చెక్క అరలు. సొంత భవనానికి మరమ్మతులు జరుగుతున్నాయని మమ్మల్ని శాలిబండలో ఒక పాత నవాబుల భవంతి, మేం దేవిడీ అనేవాళ్లం, దాని కింది భాగంలోకి మార్చారు. ఆ మరమ్మతులు నేను రిటైరయ్యే నాటికి కూడా పూర్తి కాలేదు. అయినా మాకు నష్టం లేదు. మూరెడు మందం గోడలు, ఎండాకాలంలోనూ లోపల చల్లగా ఉండేది. గాజుకు కావలసింది అదే.

ఇప్పటివాళ్లకు ప్లేట్ అంటే ఏమిటో చెప్పాలి. జానెడు చదరపు గాజు పలక, దానికి ఒక వైపు వెలుగు తగిలితే నల్లబడే వెండి లవణాల పూత. ఊరికి రెండు గంటల దూరంలో గుట్ట మీద ఉండేది మా టెలిస్కోప్. ఈ పలకను దాని వెనక బిగించి, ఆకాశంలో ఒకే చోటికి గంటల తరబడి తెరిచి ఉంచి, తర్వాత చీకటి గదిలో కడిగి ఆరబెట్టి, చెక్క పెట్టెలో పెట్టి జీపులో మాకు పంపేవారు. వెలుగు పడ్డ చోటే నల్లబడుతుంది గనక మా ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లగా ఉండేవి. నేను టెలిస్కోప్‌లోంచి స్వయంగా చూసిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నేను చూసిన ఆకాశమంతా బల్ల మీద, పది నుంచి అయిదు వరకు.

మా బాపు శాలిబండలోనే అద్దాలకు వెండిపూత పూసే కార్ఖానాలో పనిచేసేవాడు. గాజును అంచులతో పట్టుకోవడం నాకు అక్షరాల కంటే ముందు వచ్చింది. ఇంటర్వ్యూలో ప్రొఫెసర్ గారు నా సర్టిఫికెట్ల కంటే ఎక్కువసేపు నా చేతుల్నే చూశారు. విభాగంలో పైన ప్రొఫెసర్, ఆయన కింద రీడర్లు, లెక్చరర్లు, తర్వాత రిసెర్చ్ స్కాలర్లు, అందరికంటే కింద మేము. ఆకాశం వాళ్లది, గాజు మాది. ఈ ఏర్పాటు నన్ను ఏనాడూ బాధించలేదని చెబితే అబద్ధం. అందుకే గాజు విషయంలో నా మాట కాదనే మనిషి ఉండకూడదని నాకు గట్టి పట్టుదల ఉండేది.

ప్లేట్ రాగానే మా మొదటి పని మరకలు పట్టడం. గుట్ట మీది బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆరేటప్పుడు ఒక్క చుక్క నిలిచినా మరక పడేది. నీటి మరక, దుమ్ము, గీత, వేలిముద్ర, ఇవన్నీ చూసేవాళ్లకు నక్షత్రాల్లాగో గెలాక్సీల్లాగో కనిపించి మోసం చేస్తాయి. అందుకని సీనియర్ అసిస్టెంట్ ప్రతి ప్లేట్‌నూ లైట్ బల్ల మీద పెట్టి, మరక ఉన్న చోటల్లా పూత లేని వైపున ఎర్ర సిరాతో చిన్న వలయం గీసి, మరకల రిజిస్టర్‌లో దాని చోటూ రకమూ రాసి సంతకం పెట్టాలి. ఒకసారి వలయం పడితే ఆ ముక్క ఇక ఆకాశం కింద లెక్కకు రాదు. కొలిచేవాళ్లు దాన్ని వదిలేస్తారు, స్కాలర్లు అటు చూడరు. ఇది ఎక్కడా రాసిపెట్టిన నిబంధన కాదు. మాలో మాకు ఏర్పడిన అలవాటు, నిబంధన కంటే గట్టిగా నడిచేది.

మరకో నిజమైన వెలుగో తేల్చడానికి రెండు పరీక్షలున్నాయి. ప్లేట్‌ను కిటికీ వెలుగులో ఏటవాలుగా తిప్పితే నీటి మరక మెరుస్తుంది, నిజమైన బొమ్మ మెరవదు. అప్పటికీ అనుమానం తీరకపోతే మైక్రోస్కోప్ కింద పెట్టాలి. మరక పూత మీద పలచని పొరలా ఉంటుంది. వెలుగు పడ్డ చోట నల్లటి వెండి గింజలు విడివిడిగా కనిపిస్తాయి. కొత్తలో నేను రెండు పరీక్షలూ చేసేవాణ్ణి. కొన్నేళ్లకు ఒకటే చేశాను. సీనియర్ని అయ్యాక చూడగానే చెప్పేయడం మొదలుపెట్టాను. నర్సింగరావు కన్ను పడితే ఇక రెండో కన్ను అక్కర్లేదని ఒక రీడర్ గారు అందరి ముందు అన్నారు. ఆ మాట నాకు తలకెక్కింది.

సుగుణ అని మాకొక రిసెర్చ్ స్కాలర్ ఉండేది. వాళ్ల నాన్న బస్సు డిపోలో మెకానిక్, ఇల్లు ఉస్మాన్‌గంజ్ వెనక గల్లీలో. ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే సోమవారం మా సెక్షన్‌లో వాదించేది. మిగతా స్కాలర్లు చీటీ పంపి ప్లేట్ తెప్పించుకునేవారు. ఈమె మాత్రం తానే వచ్చి, మా పక్కన స్టూల్ వేసుకుని కూర్చుని, ఏది ఎందుకు కొలుస్తున్నామో మాకు చెప్పేది. నన్ను అన్నా అనేది, నేను సుగుణమ్మా అనేవాణ్ణి. ఆకాశం గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆ స్టూల్ మీద నుంచి వచ్చిందే.

ఆమె విషయం మరుగుజ్జు గెలాక్సీలు. మన పాలపుంతలో నక్షత్రాలు పది వేల కోట్లకు పైమాటే అయితే వీటిలో అందులో వందో వంతు కూడా ఉండవు. వీటిలో చాలావరకు వాయువు బోలెడంత ఉన్నా నక్షత్రాలు పుట్టించకుండా ఊరికే పడి ఉంటాయి. వందల కోట్ల ఏళ్లు అలా నిద్రపోయిన గెలాక్సీలో ఉన్నట్టుండి ఒక మూల భగ్గుమంటుంది. వేల నక్షత్రాలు దాదాపు ఒకేసారి పుట్టుకొస్తాయి. వాటిలో బాగా పెద్దవి నీలంగా మండుతాయి, కోటి ఏళ్లు కూడా బతకవు. కాబట్టి నీలి వెలుగు కనిపించిందంటే ఆ మంట నిన్న మొన్న అంటుకున్నట్టే లెక్క. సుగుణ మొదటిసారి ఇదంతా చెప్పిన రోజు నేను ఇంటికి నడుస్తూ గల్లీ మలుపు దాటిపోయాను. కోటి ఏళ్లను నిన్న మొన్న అనే మనుషుల మధ్య నేను పనిచేస్తున్నానని అప్పటిదాకా నాకు తట్టలేదు.

అసలు ప్రశ్న, ఆ మంట ఎవరు పెట్టారన్నది. పక్కనుంచి ఇంకో గెలాక్సీ వెళుతూ తన ఆకర్షణతో వాయువును కుదిపి ఒక చోట కుప్ప చేస్తుందని కొందరనేవారు. బయటివాళ్ల అవసరం లేదు, లోపలే ముందు పుట్టిన నక్షత్రాలు పేలిపోతూ చుట్టూ ఉన్న వాయువును నొక్కుతాయి, అక్కడ కొత్తవి పుడతాయి, అవి పేలి ఇంకొన్నింటికి దారి చేస్తాయి అని మరికొందరు. సుగుణ రెండో పక్షం. ఆమె తీసుకున్నవి ఏడు మరుగుజ్జు గెలాక్సీలు. అన్నింటిలోకి ముఖ్యమైనదాన్ని మేము బుడ్డోడు అనేవాళ్లం. 1973 జనవరిలో తీసిన ప్లేట్ మీద వాడి చుట్టుపక్కల ఇంకో గెలాక్సీ జాడ లేదు. తోడెవరూ లేకుండా మండుతున్నాడంటే మంట లోపలిదే కావాలి. థీసిస్‌లో నాలుగో అధ్యాయమంతా బుడ్డోడు ఒంటరి అన్న మాట మీద నిలబడింది.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. బుడ్డోడిలోని నీలి ముద్దలన్నీ ఉత్తరం అంచునే ఉన్నాయి. మా పూత నీలి వెలుగుకే ఎక్కువగా నల్లబడేది, వాటిని కొలిచింది నేనే. లోపలి మంట అయితే నాలుగు వైపులా పాకాలి గదా అని ఆమె రెండేళ్లు తల పట్టుకుంది. చివరికి, కారణం తెలియలేదు అని పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాసి వదిలేసింది.

1975 ఆగస్టు ఆఖరుకు ఆమె ఫెలోషిప్ అయిపోతుంది, అదే రోజు థీసిస్ ఇవ్వడానికి గడువు. జులైలో పత్తర్‌గట్టిలో బషీర్ భాయ్ అనే టైపిస్టు దగ్గర టైపింగ్ మొదలైంది. అయిదు కాపీలు, మధ్య నాలుగు కార్బన్లు. ఒక అక్షరం తప్పితే అయిదు కాగితాలు దిద్దాలి. అందుకని ఆమె రోజూ మధ్యాహ్నం వెళ్లి ఆయన పక్కనే కూర్చునేది.

ఆ నెలలో బోనాల మర్నాడు సోమవారం వచ్చింది. మా ఆఫీసుకు సెలవు లేదు గానీ అమ్మవారి ఘటాల ఊరేగింపు మా వీధి మీదుగానే పోతుంది. డప్పులు మొదలైతే మా కొలత యంత్రం పనికిరాదు. సన్నని కాంతిరేఖను ప్లేట్ గుండా పంపి ఎక్కడ ఎంత నలుపుందో ముల్లుతో చూపే యంత్రమది. వీధిలో లారీ పోతేనే ముల్లు వణికేది, డప్పులకు అది కూడా చిందేసేది. అందుకని ఆ సోమవారం ఏటా శుభ్రం చేసే పనికి పెట్టుకునేవాళ్లం. పాత ప్లేట్ల మీది సిరా వలయాలు చెదిరిపోయి ఉంటాయి. వాటిని స్పిరిట్‌తో తుడిచి, రిజిస్టర్ చూసి మళ్లీ గీయాలి. తక్కినవాళ్లు ఊరేగింపు చూడటానికి గుమ్మంలోకి వెళ్లారు. నా వంతుకు వచ్చిన పెట్టెలో బుడ్డోడి ప్లేట్ ఉంది.

అది పన్నెండు ప్లేట్ల పెట్టె. రెండున్నరేళ్ల కిందట వచ్చినప్పుడు దాదాపు ప్రతి పలక మీదా నీటి మరకలే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వలయాలు గీసీ గీసీ నా చెయ్యి నొప్పి పెట్టిన సంగతి నాకు గుర్తుంది. బుడ్డోడి ప్లేట్ మీద తొమ్మిది వలయాలున్నాయి. తుడుస్తూ పోయాను. ఏడోది బుడ్డోడికి ఉత్తరాన, గోరంత దూరంలో. తుడిచేశాక సిరా లేని చోట ఒక పలచని మసక కనిపించింది. నీటి మరకకు అంచు ఉంటుంది, టీ గ్లాసు పెట్టిన చోట బల్ల మీద గుండ్రంగా గీత మిగిలినట్టు. దీనికి అంచు లేదు. మధ్యలో కాస్త చిక్కగా ఉండి, చుట్టూ సన్నగిల్లి, ఎక్కడ అయిపోయిందో తెలియకుండా పోయింది.

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏటవాలుగా తిప్పాను. తక్కిన ఎనిమిదీ తళుక్కున మెరిశాయి. ఇది మెరవలేదు. మైక్రోస్కోప్ కింద పెట్టాను. పొర లేదు. గింజలున్నాయి. నల్లటి వెండి గింజలు, పక్కనున్న ఖాళీ ఆకాశంలో కంటే చిక్కగా, ఒకదాని పక్కన ఒకటి. కొన్ని కోట్ల ఏళ్ల కిందట, మనిషి అనేవాడే లేని రోజుల్లో బయల్దేరిన వెలుగు, దారిలో దేనికీ తగలకుండా వచ్చి, మా గుట్ట మీద పెట్టిన జానెడు గాజు మీద పడి ఆ గింజల్ని నల్లబరిచింది. నేను దాని చుట్టూ గీత గీసి నీటి మరక అని రాశాను. రిజిస్టర్ తీసి చూశాను. నా సంతకమే, అందంగా కూడా ఉంది.

బుడ్డోడికి పక్కన ఒకటి ఉంది. నాలుగో అధ్యాయం పోయింది. అయిదేళ్ల పని, గడువుకు అయిదారు వారాలు, అవతల టైపింగ్ జరుగుతోంది. ఆ తర్వాత గంటసేపు నేను మంచివాడిగా ఏమీ లేను. రిజిస్టర్‌లో మరక అనే ఉంది, మళ్లీ వలయం గీయడమే ఆ రోజు నా డ్యూటీ. గీస్తే లోకంలో ఎవరికీ తెలియదు. ఆమెకు డిగ్రీ వస్తుంది, నా కన్నుకు పేరు నిలుస్తుంది. కలం సిరాలో ముంచాను కూడా. ముంచి, గీసే ముందు ఇంకొక్కసారి చూద్దామని మైక్రోస్కోప్ మీదికి వంగాను. మళ్లీ ఆ గింజలు కనిపించాయి. ఇక నావల్ల కాలేదు. దీన్ని ధర్మబుద్ధి అనుకోవద్దు. అలాంటిదొకటి చూసి ఎవరికీ చూపించకుండా కూర్చోవడం నాకు చేతకాలేదు, అంతే.

పత్తర్‌గట్టికి ఊరేగింపు వెంటే నడిచాను. వేరే దారి లేదు, జనం తోసుకుపోతుంటే చార్మినార్ దాకా నా కాళ్లతో పనే పడలేదు. బషీర్ భాయ్ కొట్టు మేడ మీద. సుగుణ టైపు చేసిన కాగితాలు వెలుగుకు పట్టి చూస్తోంది. నా వాలకం చూసి ముందు మా ఇంట్లో ఏమైనా అయిందేమో అనుకుంది.

"ఏంది అన్నా, గిట్ల వచ్చినవ్?"

బుడ్డోడి పక్కన ఒక మసక ఉందనీ, అది మరక కాదనీ, గింజలు చూశాననీ చెప్పాను. ఆమె చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టింది. బషీర్ భాయ్ వేళ్లు మాత్రం టకటకా నడుస్తూనే ఉన్నాయి.

"దాని మీద రింగు ఎవరు గీసిండ్రు?"

"నేనే గీసిన."

"తిప్పి చూసినవా అప్పుడు?"

"చూడలే సుగుణమ్మా. చూసిన అనుకున్న."

ఆమె ముఖంలోకి రక్తం ఎక్కడం చూశాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. ఆమె బషీర్ భాయ్ వైపు తిరిగి కాసేపు ఆపమంది. ఏ అక్షరం తప్పిందని ఆయన కంగారు పడ్డాడు. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయని చెప్పి ఆమె మెట్లు దిగింది. శాలిబండ దాకా జనానికి ఎదురు నడిచాం. దారి పొడుగునా ఆమె నాకంటే నాలుగడుగులు ముందే ఉంది.

సెక్షన్‌లో ఆమె స్టూల్ మీద కూర్చోలేదు. నిలబడే మైక్రోస్కోప్ మీదికి వంగింది. తర్వాత ప్లేట్‌ను తానే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తిప్పింది. మళ్లీ లైట్ బల్ల మీద పెట్టి, ఈసారి మసకను కాకుండా బుడ్డోణ్ణి చూసింది. నీలి ముద్దలున్న ఉత్తరం అంచు మీద వేలు గాలిలో నిలిపి, అక్కడి నుంచి నెమ్మదిగా మసక దాకా జరిపింది.

"అన్నా, గిటు దిక్కే ఉన్నయి చూడు ముద్దలన్నీ. అది పోయిన దిక్కే." మెల్లగా అంది. "రెండేండ్ల సంది ఎతుకుతున్న. ఈడనే ఉండె."

డప్పులు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. అరచెయ్యంత కూడా లేని ఆ జాగాలో ఏం జరిగి ఉండవచ్చో ఆమె చెబుతూ పోయింది. రెండూ ఒకదాని పక్కనుంచి ఒకటి పోయి ఉంటాయి, ఢీకొనకుండానే. ఆ దాటిపోవడానికే పది ఇరవై కోట్ల ఏళ్లు పట్టి ఉంటుంది. చిన్నదాని వాయువు ఒక వైపుకు లాగబడి, ఒత్తుకుని, వేడి తగ్గిన చోట ముద్దలు కట్టి, ముద్దలు నక్షత్రాలై ఉంటాయి. దాటిపోయినదానికి తాను ఏం రగిలించిందో తెలియదు. తన అయిదేళ్ల పనిని పడగొట్టే మాటలే చెబుతోందని ఆమె మరిచిపోయింది. నేనూ మరిచిపోయాను. ఇద్దరం ఆ గాజు ముక్క మీదే వంగి నిలబడ్డాం. ఇంత పెద్ద సంగతి ఇంత నిశ్శబ్దంగా జరగడమేమిటా అనుకున్నాను. ముప్ఫై ఏళ్ల సర్వీసులో అలాంటి క్షణం నాకు మళ్లీ రాలేదు.

మర్నాడు ఇద్దరం ప్రొఫెసర్ గారి దగ్గరికి వెళ్లాం. ఆయన ప్లేట్ చూశారు, రిజిస్టర్ చూశారు, నన్ను చూశారు. ఒక్క ప్లేట్ మీద ఉన్నది సాక్ష్యం కాదన్నారు. అదే చోటును మళ్లీ తీయాలి, రెండో ప్లేట్ మీదా ఉంటే అప్పుడు ఆకాశంలో ఉన్నట్టు. కానీ అది వానాకాలం. మబ్బుల వల్ల దసరా దాటేదాకా టెలిస్కోప్ మూసే ఉంటుంది, పైగా బుడ్డోడు శీతాకాలంలో గానీ మాకు అందడు. గడువేమో ఆగస్టు. ఉన్నది ఉన్నట్టు ఇచ్చేయవచ్చుననీ, రెండో ప్లేట్ లేనంతవరకు అది తప్పు కాదనీ ఆయన ఆమెకు చెప్పారు. అది ఆమె మంచికే చెప్పారు, నియమం ప్రకారమూ సరైన మాటే. ఆమె ఆలోచించుకుంటానని కూడా అనలేదు. తాను చూసేశాననీ, చూడనట్టు రాయలేననీ అంది. గడువు ఆర్నెల్లు పొడిగించమని అక్కడే కాగితం తీసుకుని రాసింది. పొడిగింపు దొరికింది, ఫెలోషిప్ మాత్రం ఆగిపోయింది. ఆ ఆర్నెల్లు ఆమె ఒక బడిలో లెక్కల టీచరుగా పనిచేస్తూ సాయంత్రాలు మా దగ్గరికి వచ్చేది.

నా మీద చర్య ఏమీ తీసుకోలేదు. అది నాకు చర్య కంటే కష్టంగా తోచింది. డిసెంబరు దాకా నేను సరిగ్గా తిన్నది లేదు. మసక నిజం కాకపోతే ఆమె ఆర్నెల్లు నావల్ల వృథా, నిజమైతే ఆమె అధ్యాయం నావల్ల తప్పు. ఏది జరగాలని కోరుకోవాలో కూడా నాకు తెలియలేదు.

రెండో ప్లేట్ డిసెంబరులో ఒక ఉదయం జీపులో వచ్చింది. ఈసారి ఎక్కువసేపు తెరిచి ఉంచారు, కడగడానికి వడగట్టిన నీళ్లు వాడారు. దాన్ని నేను తనిఖీ చేయకూడదని నేనే ప్రొఫెసర్ గారిని అడిగాను. మసక ఉండాలని ఆశపడే కంటికి లేనిది కూడా కనిపిస్తుంది. మా జూనియర్ యాదగిరికి సంగతేమిటో చెప్పలేదు, ఏ గెలాక్సీయో చెప్పలేదు. మరకలు పట్టమని ప్లేట్ ఇచ్చి, ప్రొఫెసర్ గారు, సుగుణ, నేను పక్క గదిలో కూర్చున్నాం. సుగుణ కళ్లు మూసుకుని ఉంది, ప్రార్థన చేసుకుంటోందేమో నేను అడగలేదు. ముక్కాలు గంట తర్వాత యాదగిరి రిజిస్టర్‌తో గుమ్మంలోకి వచ్చాడు.

"మరకలు నాలుగే ఉన్నయి సార్. గింకోటి మసక మసకగ ఉంది ఉత్తరం దిక్కు, అది మాత్రం మరక కాదు. తిప్పి చూసిన, మెరుస్తలేదు. దానికెళ్లి సన్నగ పొగ లెక్క కిందికొస్తున్నది. దాన్నేం రాయాలె?"

మేము చూసిన మొదటి ప్లేట్‌లో ఆ పొగ లేదు. ఎక్కువసేపు తెరిచి ఉంచడం వల్ల ఈసారి పట్టుబడింది. మసక నుంచి బయల్దేరి బుడ్డోడి ఉత్తరం అంచు వైపు సన్నగా సాగి, సగం దూరంలో కనపడకుండా పోయింది. ప్రొఫెసర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశారు. అది మరకల రిజిస్టర్‌కు ఎక్కేది కాదు, ఏమీ రాయవద్దని ఆయన యాదగిరితో అన్నారు.

సుగుణ నాలుగో అధ్యాయాన్ని మొదటి నుంచి రాసింది. ఆ మసక బుడ్డోడికి నిజంగా పక్కనే ఉందా, లేక ఎంతో వెనక ఉండి పక్కన ఉన్నట్టు కనిపిస్తోందా అన్నది దాని వెలుగును రంగులుగా విడగొట్టి చూస్తే గానీ తేలదు. అంత మసక వెలుగుకు మా టెలిస్కోప్ చాలదు. ఆ మాటా దాచకుండా రాసింది. బషీర్ భాయ్ మళ్లీ నాలుగు కార్బన్లు పెట్టి టైపు చేశాడు.

మా సెక్షన్‌లో ఆ ఏడు నుంచి వలయం గీయడం మానేశాం. మరకకు పక్కన చిన్న బాణం గుర్తు, రిజిస్టర్‌లో ఏ పరీక్ష చేశామో ఒక గడి, రెండు సంతకాలు. నేను గీసిన పాత వలయాలన్నీ ఒక్కొక్కటే తుడిచి, తిప్పి, మైక్రోస్కోప్ కింద పెట్టి చూడటానికి నాకు ఏడాది దాటింది. దాదాపు అన్నీ మరకలే. నాలుగు మాత్రం మరకలు కావు. ఆ నాలుగింటినీ ఎర్ర గీతతో కొట్టేసి, పక్కన నా పొరపాటు అని రాసి సంతకం పెట్టాను.

వైవాకు వేరే ఊరి నుంచి పరీక్షకుడు వచ్చాడు. ప్లేట్లు చూపించడానికి లైట్ పెట్టె మోసుకుని నేనూ వెళ్లి గోడ పక్కన నిలబడ్డాను. ఆయన చాలా ప్రశ్నలు వేశాడు, ఆమె అన్నింటికీ నిబ్బరంగా చెప్పింది. చివర్లో ఆయన, బుడ్డోడి సంగతి సరే, తక్కిన ఆరు గెలాక్సీలైనా ఒంటరివే కదా అని అడిగాడు. సంభాషణ ఇంగ్లీషులో సాగింది, ఆమె జవాబును నేను తెలుగులో చెబుతున్నాను.

"ఒంటరి అనే మాట థీసిస్‌లో ఎక్కడా లేదు సార్, తీసేశాను. మా ప్లేట్ల మీద ఇంత మసక దాకా చూశాం, ఇంతవరకు ఎవరూ కనపడలేదు అని మాత్రమే రాశాను."

ఆయన పేజీలు తిప్పి చూసి, తలూపి, పుస్తకం మూశాడు. ఆమె ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. చూడకపోవడం నా మీద దయ అని నాకు అర్థమైంది.

మరుగుజ్జు గెలాక్సీలను ఏది రగిలిస్తుందన్నదానికి ఒకే జవాబు లేదని తర్వాతి కాలంలో చదివాను. కొన్నింటిని పక్కనుంచి పోయేవి, కొన్నింటిని బయటి నుంచి వచ్చి పడే వాయువు, కొన్నింటిని లోపల పేలే నక్షత్రాలు. ఆ చర్చ పెద్దవాళ్లది. నా ఉద్యోగం నాకు నేర్పింది చిన్న విషయం. లేదు అని రాసేవాడు ఎంతవరకు చూశాడో కూడా రాయాలి. బుడ్డోణ్ణి రగిలించింది అదేనో కాదో నాకు తెలియదు. వాడి పక్కన ఒకటి ఉందని మాత్రం తెలుసు. దాన్ని రెండున్నరేళ్లు లేకుండా చేసింది నేను.